పూర్తికాని కొయ్యయిల్లు – పెనుగాలి

ఇండ్లు కట్టుకొనుటకు ఆయా దేశముల ప్రజలు తమకు సమృద్ధిగా లభించు వస్తువులనే వాడుకొందురు. మన దేశమున మట్టి, రాయి, ఇటుక, సున్నము, సిమెంటుల వాడుక ఎక్కువ. విస్తారమైన అడవులు గల ఉత్తర అమెరికా ఖండమున కొయ్య వాడుక ఎక్కువ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక్కొక్క కుటుంబము నివసించుటకై క్రొత్తగా కట్టు ఇండ్లలో, పదింటికి తొమ్మిదింటికి తక్కువ కాకుండ కొయ్యచట్రముతో కట్టినవే. కెనడాలోను ఈ పద్ధతియే ప్రబలముగ నున్నది. ఉద్యోగములకై వెళ్లి టెక్సాస్ రాష్ట్రమున డల్లాస్ నగర పరిసరములందు స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము ఇట్టి ఇండ్లలోనే కాపురముండుచున్నవి.

కొయ్యయిల్లు అనగానే అది బలహీనమైనదని తలంపరాదు. చక్కగా కట్టిన కొయ్యయిల్లు తరములతరబడి నిలుచును. మంచు బరువును మోయును. సాధారణమైన గాలివానలను లెక్కచేయదు. కాని కట్టుచున్న కాలమున కొన్ని వారములపాటు అది మిక్కిలి బలహీనమై యుండును. ఒకే వీధిలో, ఒకే విధమైన కొయ్యతో, ఒకే కొలతలతో రెండు ఇండ్లు ఉన్నవనుకొనుడు. ఒకటి పూర్తియైనది, రెండవది సగము కట్టినది. మొదటి యింటి పైకప్పున ఒక్క పెంకునైనను కదలింపలేని గాలి, రెండవ యింటిని నేలమట్టము చేయవచ్చును. సగము కట్టిన యింటికి సగము బలమైనను ఉండవలదా? ఏల ఇట్లు జరుగును?

ఈ ప్రశ్న కేవలము ఇంజనీర్లకు సంబంధించినది కాదు. 2024వ సంవత్సరము మే నెల 28వ తేదీన టెక్సాస్ రాష్ట్రమున, హూస్టన్ నగరమునకు వాయవ్యముగా నున్న మాగ్నోలియా ప్రాంతమున, ఉరుములతో కూడిన గాలివాన చెలరేగెను. అచ్చట కట్టుచున్న యొక ఇల్లు ఆ గాలికి కదలి కూలిపోయెను. ఆ యింటిలో పనిచేయుచున్న పదునారేండ్ల బాలుడు మరణించెను. ఎనిమిదవ తరగతి విద్యార్థులకంటె రెండు మూడేండ్లు మాత్రమే పెద్దవాడు. గాలి బలమును, చట్రము బలహీనతను ఎరిగి యుండుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయమని ఇట్టి సంఘటనలు తెలుపుచున్నవి.

పూర్వము ఐరోపాలోను, అమెరికాలోను కొయ్యయిండ్లను బరువైన దూలములతో, కంబములతో కట్టెడివారు. వడ్రంగులు కొయ్యల చివరలను కుసులుగా చెక్కి, ఎదుటి కొయ్యలలో బెజ్జములు తొలిచి, ఒకదానిలో నొకటి బిగించి, కొయ్యచీలలు దిగగొట్టెడివారు. మూలలయందు ఏటవాలుగా దాపుకొయ్యలను కూర్చెడివారు. అందువలన చట్రమును నిలిపిన నాడే ఇంటికి చాలవరకు బలము చేకూరెడిది. అయితే ఆ పనికి మిక్కిలి నేర్పు, పెక్కుమంది మనుష్యులు, చాల కాలము కావలసి యుండెను.

1830 తరువాతి సంవత్సరములలో చికాగో నగర ప్రాంతమున వేరొక పద్ధతి వ్యాప్తికి వచ్చెను. అప్పటికి రంపపు మిల్లులు సన్నని కొయ్యలను ఒకే కొలతలో కోసి యిచ్చుచుండెను. యంత్రములతో చేసిన మేకులు చవుకగా దొరకుచుండెను. కుసులతోను, బెజ్జములతోను పనిలేకుండ, సన్నని కొయ్యలను మేకులతో కూర్చి, కొద్దిమంది మనుష్యులు కొద్ది దినములలోనే ఇంటి చట్రమును నిలుపగలిగిరి. ఆ చట్రము మిక్కిలి తేలికగా నుండుటచేత దానిని ‘బెలూను చట్రము’ అని పిలిచిరి. తరువాతి కాలమున ఈ పద్ధతి కొన్ని మార్పులు చెంది, ఒక అంతస్తు పూర్తియైన పిమ్మట దానిపై మరియొక అంతస్తును నిలుపు విధమున నేడు అమలునందున్నది.

నేటి పద్ధతిలో మొదట పునాదిపై అడుగుపట్టెను బోల్టులతో బిగింతురు. గోడ చట్రమును నేలపై పరుండబెట్టి తయారుచేసి, తరువాత పైకెత్తి నిలుపుదురు. అందులో సుమారు 40 సెంటీమీటర్ల కొకటి చొప్పున నిలువుకొయ్యలుండును. సాధారణముగా ఒక్కొక్క నిలువుకొయ్య 38 మిల్లీమీటర్ల మందము, 89 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు రెండున్నర మీటర్ల పొడవు కలిగి యుండును. దాని బరువు నాలుగైదు కిలోగ్రాములకు మించదు. ఈ చట్రమునకు వెలుపలివైపున ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకలనో, కొయ్యపేళ్లను జిగురుతో అదిమి చేసిన పలకలనో మేకులతో కొట్టుదురు. గోడలపై త్రికోణాకారము గల ట్రస్సులను వరుసగా నిలిపి, వానిపై పలకలు పరచి, పలకలపై పెంకులు వేయుదురు. చివరకు లోపలివైపున జిప్సము పలకలు బిగింతురు.

ఈ వరుసలో ఇంటికి బలము ఎప్పుడు వచ్చును? దీనిని తెలిసికొనుటకు విద్యార్థులకు పరిచితమైన వ్రాతపలకయే చాలును. పలకకు చుట్టును కొయ్యచట్ర ముండును. రాతిపలకను తొలగించి, ఉత్త చట్రమును చేతులతో పట్టుకొని ఒక మూలను ప్రక్కకు నెట్టినచో అది సులభముగా వంకరపోవును. చతురస్రముగా నున్నది ఏటవాలుగా ఒరిగిపోవును. కొయ్యలలో ఒక్కటియు విరగదు. కీళ్లవద్ద తిరుగును, అంతే. రాతిపలకను మరల అందులో నమర్చినచో, ఎంత నెట్టినను చట్రము కదలదు. చట్రమును చతురస్రముగా నిలిపి యుంచునది లోపలి పలకయే. కొయ్యయింటి గోడయు ఇట్టిదే. నిలువుకొయ్యలు పైనుండి వచ్చు బరువును మోయును. కాని ప్రక్కనుండి వచ్చు త్రోపును ఎదుర్కొనునవి వానిపై కొట్టిన పలకలు. పలకలు లేని గోడ, రాయి లేని వ్రాతపలక వంటిది.

రెండవ సాధనము త్రికోణము. నాలుగు కొయ్యలతో చేసిన చట్రము ఒరిగిపోవును గాని, మూడు కొయ్యలతో చేసిన త్రికోణము, భుజముల పొడవు మారనిదే, తన ఆకారమును మార్చుకొనజాలదు. పందిళ్లు వేయువారు గుంజలకు ఏటవాలుగా కర్రలు కట్టుటలోని రహస్యము ఇదియే. ఆ ఏటవాలు కర్ర చతురస్రమును రెండు త్రికోణములుగా విభజించును. పలకలు కొట్టులోపల కొయ్యయింటిని కాపాడునది ఇట్టి ఏటవాలు ఊతకొయ్యయే.

ఇక గాలి సంగతి. కంటికి కనబడకున్నను గాలికి బరువు కలదు. ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. అది వేగముగా వచ్చి గోడను తాకినపుడు గోడపై ఒత్తిడి కలుగును. ఇందు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దేమనగా, గాలి వేగము రెండింతలైనచో ఒత్తిడి రెండింతలు గాక నాలుగింతలగును. వేగము మూడింతలైనచో తొమ్మిదింతలగును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి ప్రతి చదరపు మీటరుపైన సుమారు 6 కిలోగ్రాముల బరువుతో సమానమైన ఒత్తిడిని కలిగించును. 72 కిలోమీటర్ల వేగమున అది 25 కిలోగ్రాములగును. 108 కిలోమీటర్ల వేగమున 56 కిలోగ్రాములగును. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల ఎత్తు గల రెండంతస్తుల గోడ వైశాల్యము 50 చదరపు మీటర్లు. కావున గంటకు 72 కిలోమీటర్ల గాలి ఆ గోడను సుమారు 1250 కిలోగ్రాముల బరువుతో నెట్టును. 108 కిలోమీటర్ల గాలి సుమారు 2800 కిలోగ్రాముల బరువుతో నెట్టును. ఒక్కొక్కటి నాలుగైదు కిలోగ్రాములు తూగు కొయ్యలతో కూర్చిన చట్రమునకు ఇది ఎంతటి పరీక్షయో ఊహింపవచ్చును.

గాలి నెట్టుటయే గాక పీల్చుటయు కలదు. పైకప్పుమీదుగా వేగముతో సాగు గాలి కప్పును పైకి లాగును. ఇంటిలోనికి జొరబడిన గాలి క్రిందినుండి పైకి త్రోయును. ఎదురుగాలిలో గొడుగు తిరుగబడుట అందరును చూచినదే. పూర్తియైన యింటికి తలుపులు, కిటికీలు బిగించి యుండుటచే గాలి సులభముగా లోపలికి రాజాలదు. పైగా పెంకులు, జిప్సము పలకలు మొదలగువాని బరువు ఇంటిని క్రిందికి అదిమిపట్టి యుంచును. కట్టుచున్న యింటికి ఈ రెండు రక్షణలును లేవు. వాకిళ్లు తెరచియుండును, బరువైన సామగ్రి యింకను ఎక్కియుండదు.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. పలకలు కొట్టని ఉత్త చట్రమునందు గాలి కొయ్యల సందులనుండి చాలవరకు దూరిపోవును. పలకలు కొట్టిన కొలది గోడ గాలిని ఆపి, ఓడ తెరచాపవలె దాని తాకిడి నంతను స్వీకరించును. అన్ని గోడలకును పలకలు కొట్టుట పూర్తియైనచో ఆ తాకిడికి తగిన బలము కూడ వచ్చును. కాని ఒక గోడకు కొట్టి దానికి అడ్డముగా నున్న గోడలను విడిచినను, పై అంతస్తునకు కొట్టి క్రింది అంతస్తును విడిచినను, గాలిని పట్టు గుణము ముందుగా వచ్చి, తట్టుకొను శక్తి వెనుకబడును. అట్టి యింటి పైభాగము గట్టిపెట్టెవలె నిలిచియుండగా, క్రింది అంతస్తు నిలువుకొయ్యలు ఒక్కమారుగా ఒరిగి, ఇల్లంతయు ప్రక్కకు కూలును. కావున కట్టుచున్న యింటి బలము నిర్మాణముతోపాటు దినదినము సమముగా పెరుగదు. పని సాగుచుండగా నడుమ ఒక దశలో అపాయమే పెరుగును.

ట్రస్సులను నిలుపునపుడు మరియొక అపాయము కలదు. ఒక్కొక్క ట్రస్సు తన తలములో మిక్కిలి గట్టిది. కాని మందము తక్కువగుటచే ప్రక్కకు నిలువలేదు. అట్టమీద నిలిపిన పుస్తకములవలె అవి ఒకదాని ప్రక్క నొకటి నిలుచును. మొదటిది గాలికి ఒరిగినచో రెండవదానిపై పడును; రెండవది మూడవదానిపై పడును. క్షణములో వరుస యంతయు కూలును. పైన నున్న పనివారు వానితోపాటు క్రిందపడుదురు. అందువలన మొదటి ట్రస్సును నేలనుండియో, గోడనుండియో గట్టి ఊతకొయ్యలతో నిలిపి, తరువాతి ప్రతి ట్రస్సును అడ్డకొయ్యలతో ముందుదానికి కలిపి, నడుమ నడుమ ఏటవాలు కొయ్యలు కొట్టవలెను. ఉత్త అడ్డకొయ్యలు మాత్రమున్నచో ట్రస్సులన్నియు చేయి చేయి పట్టుకొని ఒకేసారి పడిపోవును. ఏటవాలు కొయ్య చేరినపుడే త్రికోణ మేర్పడి వరుస నిలుచును.

కప్పునకును గోడకును గల సంబంధము మేకులది. మేకును ప్రక్కకు లాగినచో గట్టిగా ఎదురు నిలుచును గాని, దిగిన దారినే వెనుకకు లాగినచో సులభముగా ఊడివచ్చును. గాలి కప్పును లాగునది ఆ దారినే. దీనికి విరుగుడుగా జస్తాపూత గల ఇనుప పట్టీలను గోడనుండి ట్రస్సుపైకి చుట్టి, వానికి ప్రక్కనుండి మేకులు కొట్టుదురు. అప్పుడు గాలి కప్పును పైకి లాగినను, మేకుపై పడు లాగు అడ్డముగా నుండును. పట్టీ వెల స్వల్పము; పని కొద్ది నిముషములది. కాని కప్పు నిలిపిన నాడే బిగింపక, తరువాత చూచుకొందమని విడిచిన రాత్రియే గాలి రావచ్చును.

అమెరికా మధ్యభాగమునను, కెనడా దేశపు అంటారియో రాష్ట్రమునను ఇట్టి గాలులు అరుదు కాదు. వసంతకాలమునను, వేసవియందును దట్టమైన ఉరుముమేఘము లేర్పడి, వాననీటితో చల్లబడిన గాలి ఒక్కుమ్మడిగా క్రిందికి దిగి, నేలను తాకి నలుదెసలకు వ్యాపించును. సుడిగాలుల విషయమున ప్రసిద్ధుడైన టెట్సుయా ఫుజిటా అను శాస్త్రజ్ఞుడు 1970 తరువాతి దశకమున ఈ దిగుడుగాలుల స్వభావమును విశదీకరించెను. కొద్ది నిముషములలో ఇవి మీదపడును. 2022 మే 21వ తేదీన ఇట్టి గాలివానల వరుస యొకటి అంటారియో, క్విబెక్ రాష్ట్రములను వందల కిలోమీటర్ల పొడవున చీల్చుకొని పోయెను. ఆకాశము నల్లబడిన పిమ్మట ఊతకొయ్యలు కొట్టుటకు వ్యవధి యుండదు.

ఒక ఇల్లు ఇట్టి బలహీనదశలో నుండునది కొన్ని వారములే గనుక, ఆ వారములలో పెనుగాలి రాదని కొందరు ధైర్యము చేయుదురు. ఒక్క ఇంటి విషయమున వారి లెక్క తరచు ఫలించును. కాని నగరముల అంచులందు ఒకే చోట వందలకొలది ఇండ్లు వరుసగా కట్టుచున్నారు. ఒకటి పూర్తియగునప్పటికి మరియొకటి చట్రపు దశకు వచ్చును. కావున ఏనాడు గాలి వచ్చినను, ఏదో యొక ఇల్లు ఆ దశలో నుండనే యుండును. పైగా అట్టి స్థలములందు చెట్లను తొలగించి నేలను చదును చేసి యుంతురు గనుక గాలికి అడ్డముండదు. ఒక్కరికి అరుదుగా వచ్చు అపాయము, అందరిని కలిపి చూచినపుడు ప్రతి సంవత్సరమును వచ్చు అపాయమగును.

గాలికి భవనములు ఎట్లు లొంగునో శాస్త్రజ్ఞులు శ్రద్ధతో పరిశీలించుచున్నారు. కెనడాలోని వెస్టరన్ అంటారియో విశ్వవిద్యాలయమున ఆలన్ డావెన్‌పోర్ట్ అను ఆచార్యుడు 1965లో గాలిసొరంగపు ప్రయోగశాలను స్థాపించెను. అచ్చటివారే తరువాత పూర్తి పరిమాణము గల ఇంటిని కట్టి, గాలి ఒత్తిడిని కృత్రిమముగా కలిగించి పరీక్షించిరి. గడ్డితో, పుల్లలతో, ఇటుకలతో ఇండ్లు కట్టుకొన్న పందిపిల్లల కథను తలచి, ఆ ప్రయత్నమునకు ‘మూడు పందిపిల్లలు’ అని పేరు పెట్టిరి. అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రమున 2010లో భీమా సంస్థల పక్షమున వేరొక ప్రయోగశాల నెలకొల్పబడెను. అందు 105 పెద్ద పంకాలు కలవు. రెండు ఇండ్లను ప్రక్కప్రక్కను నిలిపి వానిపై గాలిని వదలగా, సాధారణముగా కట్టినది కుప్పకూలెను. పట్టీలతోను, గట్టి బిగింపులతోను కట్టినది నిలిచెను. రెండింటికిని ఆకారమున భేదము లేదు. భేదమంతయు కంటికి కనబడని బంధములలో నుండెను. నిర్మాణకాలమున భవనములపై పడు గాలి మొదలగు భారములను లెక్కించుటకు అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘము 2002లో ప్రత్యేకముగ ఒక ప్రమాణగ్రంథమును వెలువరించెను. పూర్తికాని కట్టడమును పూర్తియైన దానికంటె వేరుగా చూడవలెనని దాని తాత్పర్యము.

ఈ పరిశోధనలన్నిటినుండి పనివారికి లభించిన సూత్రములు మిక్కిలి సులభమైనవి. గోడను నిలిపిన వెంటనే రెండు దిక్కులందును ఏటవాలు ఊతకొయ్యలు కొట్టవలెను. గాలి ఒకప్పుడు నెట్టును, ఒకప్పుడు లాగును గనుక ఊతకొయ్యకు రెండు చివరలను మేకులు బిగియవలెను; ఉత్తగా ఆనించుట చాలదు. క్రింది అంతస్తునకు పలకలు పూర్తిగా కొట్టిన పిమ్మటనే పై అంతస్తునకు పోవలెను. పలకకు కొట్టవలసిన మేకులలో ఒక్కదానినైనను తగ్గింపరాదు. పని ముగించి ఇంటికి పోవునపుడు, మరునాడు కొట్టవచ్చునని దేనిని సగములో విడువరాదు. పలకల కట్టలను కప్పుపై విడిగా నుంచరాదు. గాలికి లేచిన పలక కత్తివలె దూసుకొని పోవును. ప్రతిదినము ఉదయమున వాతావరణ సూచనలను చూచుకొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. వానగాలి వచ్చినపుడు మనుష్యుడు కప్పుక్రిందికి పరుగెత్తుట సహజము. పనివారును అట్లే తాము కట్టుచున్న యింటిలోనికి పోయి తలదాచుకొందురు. పైన కప్పు, చుట్టును గోడలు కనబడుటచే అది ఆశ్రయమని భ్రమపడుదురు. కాని ఆ సమయమున అక్కడ అంతకంటె అపాయకరమైన చోటు వేరొకటి లేదు. గాలి హెచ్చరిక వచ్చిన తోడనే పని నిలిపి, చట్రమునుండి దూరముగా పోయి, పూర్తియైన గట్టి భవనమును చేరవలెను. పని నిలిపినందున పోవునది కొద్ది గంటల కూలి. ఆ కూలి కోతపడునేమో యన్న భయము పనివారికి లేకుండ చేయుట యజమాని ధర్మము. పనివారిలో చిన్నవారికి ఈ సంగతి మొదటి దినముననే తెలుపుట పెద్దవారి ధర్మము.

ఇల్లు పూర్తియైన పిమ్మట ఊతకొయ్యలను ఊడదీసి ప్రక్కన పారవేయుదురు. గృహప్రవేశము చేయువారికి అవి కనబడవు. వానిని గూర్చి ఎవ్వరును తలంపరు. ఇంటి పటములోను వాని గుర్తు సాధారణముగా నుండదు. అందుచేతనే వానిని వ్యర్థవ్యయమని తలంచి కొందరు తగ్గించుటకు చూతురు. కాని చట్రమునకు తనంతట తాను నిలువగల శక్తి లేని దినములలో దానిని నిలిపినవి అవియే. ఇంటి బలమును దాని పూర్తిరూపమును బట్టి మాత్రమే లెక్కించుట చాలదు. కట్టు ప్రతి దినము సాయంకాలమున, ‘ఈ రాత్రి గాలి వచ్చినచో ఇది నిలుచునా?’ అని ప్రశ్నించుకొని, నిలుచునని నిశ్చయము కలిగిన పిమ్మటనే పనిముట్లను క్రింద పెట్టవలెను.